పత్తి తెల్లగుండె కొడుకా

నాందేడ్
నవరాత్రులకు ముందటి ఐతారం, 2002

అవ్వకు నీ కైలాసు దండం పెట్టి రాసేది. ఇక్కడ మంచిగనే ఉన్నం అని రాయాలె గాబట్టి రాస్తున్న. అక్కడ నిజామాబాద్‌ల నువ్వు, చిన్నమ్మ నిజంగనే మంచిగుండాలె. కోమల్ చెల్లె, అవ్వకు సదివి వినిపించేది నువ్వే గదా, నడుమల మింగకుంట సదువు. తిట్టిన కాడ గూడ సదువు.

జరం తగ్గింది. వెల్డింగు షాపు పని నడుస్తున్నది. కండ్లు మండినప్పుడు ఆలుగడ్డ చెక్కలు పెట్టుకొని పంటున్న. నువ్వు బీడీలు చుట్టి చుట్టి దగ్గుతున్నవట. ఆ ముచ్చట కోమల్ తనంతట తాను రాసింది, నువ్వు రాయించలే.

పోయిన ఉత్తరంల నువ్వు అడిగినవ్, ఇనుప పాట ఏందిరా, ఇనుము పాడుతదా అని. నాకు దేవత అస్తున్నదట నిజమేనా అని. ఇగ మిల్లు సేఠ్ మండపంల పాడుమని భోజన్న మామ నీ దాక అచ్చి అడిగిండట, పాడరాదురా అని. ఈ ఆఖరిదానికి ఆఖర్నే చెప్త. ఇప్పుడు చెప్తె కాగితం చినిగిపోతది.

ఇనుము పాడుతదవ్వా. రేడియోలు బాగుచేసే ప్రథమేశ్ ముంబై నుంచి ఒక క్యాసెట్ తెచ్చిండు. హెవీ మెటల్ అంటరు దాన్ని. మాటలు ఒక్కటి సమజ్ కాలే. గని గిటారు మొదలు కాంగనే ఒళ్ళు జలదరించింది. జిన్నింగు మిల్లుల పత్తిని అదిమి మూటగట్టే ప్రెస్సు కాడ నిలబడితె కాళ్ళ కిందికెల్లి దడ అస్తది సూడు, అదే దడ. కడుపు మండినోడు ఏ ఊర్లె అరిచినా ఒక్క తీరే అరుస్తడని ఆనాడు తెలిసింది.

మాకు గసొంటి గిటారు యాడికెల్లి అస్తది? ప్రథమేశ్ పాత గిటారుకు తీగలు వదులు చేసిండు, మొరిగినట్టు మోగాలెనని. స్పీకరు లోపలి కాగితాన్ని బ్లేడుతోని కోసినం. అప్పుడు గొంతు చినిగినోని లెక్క పలికింది. పాట మొదలు, షిఫ్టుకు పిలిచే మిల్లు భోంగా కూత. తర్వాత ప్రెస్సు దెబ్బ. డప్పు కొట్టే సంగప్ప లేడా, వాడన్నడు, "కైలాసూ, గింత మెల్లగ కొడితె సావు డప్పు లెక్కనే ఉన్నదిరా." "సావుదే కొట్టు" అన్న. వాడు నా మొకం సూసి డప్పు దగ్గరికి జరుపుకొని సావుదే కొట్టుడు మొదలువెట్టిండు.

*పొద్దుగాల పోంగ పత్తి తెల్లగుండె కొడుకా*
*మాపటికి నీ మీద ఎర్రగెట్లాయె కొడుకా*
*నిన్ను మూటగట్టి ఎవడమ్ముకుండు కొడుకా*

దీని అర్థం అందరు నన్నడుగుతరు. నీకు చెప్పేదేమున్నది? అన్న ప్రెస్సుల ఇరుక్కున్నడు. ఆపుండ్రని మొత్తుకుంటె, గాంఠు మూట సగంల ఉన్నదని ఆపలే. పత్తి గాంఠు పూర్తయినంక తీసిండ్రు. తెల్లారి తాగి ఉన్నడని రాయించిండు సేఠ్. మెడల తులసి మాల ఉన్నోడు, ఏటేటా పండరికి నడిచిపోయెటోడు, ఉల్లిగడ్డ ముట్టనోడు, తాగిండట. ఆ మాల తెగి పూసలు పత్తిల కలిసినయ్. ఆ గాంఠు గూడ అమ్ముకున్నడు.

ఇగ దేవత ముచ్చట. పోయిన నవరాత్రులల్ల మన గల్లీ మండపంల మొదటిసారి పాడిన. జుట్టు ఇరబోసుకొని తల ఊపుకుంట, గుండె చీరుకపోయేటట్టు అరిచిన. సేఠ్ సిగ్గుతోని సస్తడనుకున్న. కండ్లు తెరిచి సూస్తె జనం చేతులు జోడిచ్చి ఉన్నరు. ఎవరో నా నెత్తి మీద పసుపు పోసిండ్రు. ఇందుబాయి ఏపాకులు పట్టుకొని ముందటికచ్చి, "ఆయీ, మా పోరి లగ్గం ఎప్పుడయితది" అని నన్ను అడుగుతున్నది. పూనకమచ్చిన అమ్మ అందరినీ కొడుకా అనే పిలుస్తది గదా. నేను కొడుకా అంటె, తల్లి పిలుస్తున్నదనుకున్నరు. "నేను కైలాసును, వెల్డింగు కైలాసును" అని మొత్తుకుంటె, "అమ్మ కోపంల ఉన్నది" అని ఇంకో నిమ్మకాయ కోసిండ్రు.

నవ్వకు. నేను గూడ మొదలు నవ్విన.

ఏడాదిల ఆ పాట పాతుకపోయింది. కుండల్‌వాడి జీపులల్ల అదే, హిమాయత్‌నగర్ బస్టాండుల అదే. ఎండకాలంల సేఠ్ కొడుకు బరాత్‌ల అదే పెట్టిండ్రు. సేఠ్ గూడ దిగి ఎగిరిండు. మూటగట్టి ఎవడమ్ముకుండు అనే కాడ రెండు చేతులు లేపి ఎగిరిండు. నేను రోడ్డు అవతల నిలబడి సూసిన.

పోయిన నెల, నీ దాక రాకముందు, భోజన్న మామ షాపుకచ్చిండు. "సేఠ్ అష్టమి నాడు నిన్నే పాడుమంటున్నడు. మిల్లుల పని గూడ ఇస్తడట."

"పాటల ఏమున్నదో సేఠ్‌కు తెల్వదా మామా?"

"సేఠ్‌కు తెలుగు ఎంతస్తదిరా. అమ్మవారు పిలుస్తున్నదంటడు. నువ్వు గూడ గట్లనే అనుకో, నీదేం పోయింది?"

"నీకు తెల్సు గదా."

మామ చెప్పుల దిక్కు సూసుకున్నడు. "తెల్సు. అందుకే అంటున్న, కడుపుల పెట్టుకో."

అవ్వా, ఇగ నీకు చెప్పని మాట. కోమల్, ఇక్కడ మెల్లగ సదువు. ఆ పాట నాది కాదు. నీది. అన్నను గడప ముందట పండబెట్టినప్పుడు నువ్వు రాగం తీసి ఏడ్చినవ్. నేను తల కాడ కూసున్న. నీకు యాదికుండదు, నాకు ఒక్క మాట పోలే. నేను ఏమన్న కట్టిన్నంటె ఆ మొరుగుడు, ఆ దెబ్బలు, అంతే. ఆనాటి నుంచి నువ్వు మల్ల ఏడ్వలే. మిల్లు భోంగా ఇనలేక ఊరు ఇడిశిపెట్టిపోయినవ్. ఇక్కడ ఊరంత నీ ఏడుపు మీద ఎగురుతున్నరు.

తప్పు ఎక్కడయిందో ఇప్పుడు తెలిసింది. ఆడది రాగం తీస్తె శోకం అంటరు. మొగోడు తీస్తె పూనకం అంటరు. ఇగ పేరు. ఆనాడు నువ్వు అన్న పేరు పెట్టి పిలువబోతె పక్కింటి ఎంకవ్వ నీ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "పేరు పెట్టకు, పోయెటోడు ఎనక్కి సూస్తడు" అన్నది. అందుకే కొడుకా, కొడుకా అన్నవ్. నేను గూడ గదే అన్న. పేరు లేని ఏడుపు ఎవని పెండ్లికైన పనికస్తది.

నేను పేరు పెట్టి పాడితె? అమ్మ ఆ పేరుగల్లోన్ని బలి అడిగిందంటరు ఈ బాడ్కావులు.

అందుకే మామకు సరే అని చెప్పిన. అష్టమి నాడు సేఠ్ మండపంల పాట ఉంటది. గని నేను పాడ. నువ్వు రా. పొద్దుగాల బస్సుకు ఎక్కు, కోమల్‌ను తోలుకొని రా. ప్రథమేశ్ భోంగా కూత కూయిస్తడు, సంగప్ప సావుది కొడ్తడు, మైకు నేను పట్టుకుంట. నిన్ను సూసి దేవత అని ఎవడూ అనడు. ఆ పోరని తల్లి అచ్చిందంటరు.

అప్పుడు అంబాదాస్ అని పిలువు. ఎంకవ్వ చెయ్యి అడ్డం పెడితె నేను పట్టుకుంట. ఎనక్కి సూస్తె సూడనియ్యి అవ్వా. వాడు సూడాలె.

ఇట్లు,
అంబాదాస్ తమ్ముడు,
నీ కడగొట్టు కొడుకు కైలాస్