కోటల దారిలో ఆడిన అబద్ధం

అన్నయ్యా,

నీకూ వదినకీ దండాలు, చిట్టితల్లికి ముద్దులు. నేను ఒంట్లో బాగానే ఉన్నాను, తిండికి లోటు లేదు, నా గురించి బెంగ పెట్టుకోకండి. వదిన నడుం నొప్పి తగ్గిందా? చిట్టి బడికి ఏడవకుండా వెళ్తోందా? జవాబు రాసేటప్పుడు ఒక్కొక్కటీ విడిగా రాయి. “అంతా బాగున్నాం” అని ఒక్క ముక్కలో తేల్చేయకు.

మీరు పంపిన పూతరేకులు అందాయి. దారిలో నలిగి పొడైపోయాయి. చెంచాతో తిన్నాను, రుచికేం తక్కువ లేదు. ఈసారి అవి వద్దు గానీ కాస్త ఇంగువ, చింతపండు పంపండి, చాలు. ఎండలు వచ్చాక ప్రాణం లేచొచ్చింది. వెనకటి ఉత్తరాల్లో ఫ్రాన్సు చలి గురించీ, చాకిరీ గురించీ భయపడేలా రాశాను కదా, అందులో సగం కావాలని రాసిందే. ఎందుకో కింద చెబుతాను. ఫోన్‌లో చెబుదామని రెండుసార్లు కార్డు కొన్నాను. నీ గొంతు వినగానే వేరే కబుర్లు చెప్పి పెట్టేశాను.

ఇక్కడ మా నర్సరీ యజమాని మిషెల్ గారి సంగతి నీకు తెలుసు. మన ఊరు కడియం వచ్చి గులాబీ అంట్లు చూసి, కట్టిన మనిషి కావాలని అడిగిన పెద్దమనిషి. నన్ను బాగానే చూసుకుంటారు. యానాం మాస్టారు నేర్పిన ఫ్రెంచి ముక్కలతో మొదట్లో తంటాలు పడ్డాను, ఇప్పుడు పని మాటలన్నీ వచ్చేశాయి. ఇబ్బందల్లా ఒక ఫోటోతోనే. ఆ రోజు కడియంలో ఆయన తీసుకున్నది, పెద్దది చేయించి ప్యాకింగ్ షెడ్డు గోడకి పెట్టారు. అందులో మనుషులు లేరు. గులాబీ కొమ్మ, దానికి కట్టిన అంటు, అంతే. రోజూ పొద్దున్నే నేను చూడాల్సింది దాన్నే. అది నువ్వు కట్టిన అంటు.

మనిద్దరం ఆ రోజు గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అందుకని రాస్తున్నాను. బేరగాళ్ళు వచ్చినప్పుడల్లా నాన్న నిన్ను షెడ్డు వెనక్కి పంపేసేవాడు. “ఎడం చేత్తో కడతన్నావని తెలిస్తే మొక్క ముట్టుకోర్రా, లోపలికెళ్ళు” అనేవాడు. నాన్న పోయాక కూడా నీకు ఆ అలవాటు పోలేదు. కారు శబ్దం వినగానే కత్తి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయేవాడివి, నీ పీట మీద నేను కూర్చునేవాణ్ణి. ఆ రోజూ అంతే. మన కడియం నర్సరీ ఆయన నా భుజం మీద చెయ్యేసి “ఇదిగోనండి, ఈ కుర్రోడేనండి కట్టింది” అన్నాడు. నేను కాదనలేదు. సాయంత్రం నువ్వు “పోన్లేరా, ఎవరెళ్తే ఏంటి, నాకు పాప చిన్నది కదా” అన్నావు. అన్నయ్యా, ఆ మాటకి నాకు కృతజ్ఞత కలగలేదు. ఒళ్ళు మండింది. నువ్వు ఒక్కసారి నన్ను తిట్టి ఉంటే బాగుండేది. చేతి పనిలోనే కాదు, మంచితనంలో కూడా నీ తర్వాతే నేను.

ఇక అసలు సంగతి. మొన్నామధ్య ఆదివారం మిషెల్ గారు నన్ను సైకిళ్ళ మీద ఊళ్ళు చూపించడానికి తీసుకెళ్ళారు. ఆయనకి అరవై దాటాయి. ఒంటికి అతుక్కుపోయిన పొట్టి లాగు వేసుకుని, నా కంటే ముందు పోతూ మాటిమాటికీ వెనక్కి చూసి నవ్వుతారు. ఇక్కడి నది పేరు లువార్. చూస్తే ఎండాకాలంలో మన గోదారే, మధ్యలో ఇసుక మేటలు, పక్కన సన్నటి పాయలు. గట్టు మీద సైకిళ్ళ కోసమే దారి వేశారు. గేదె అడ్డం రాదు, లారీ దుమ్ము లేదు. నది ఎక్కడ వంపు తిరిగితే అక్కడ ఒక కోట. తెల్లరాతి గోడలు, కోసుగా పైకి లేచిన నల్లటి కప్పులు, ఒకదానికి చుట్టూ నీళ్ళ కందకం కూడా ఉంది. రాజులు లేరు, టిక్కెట్లు ఉన్నాయి.

నేను కోటలు చూద్దామని వెళ్ళాను. ఆయన గులాబీలు చూపించారు. ప్రతి కోట తోటలోనూ ఆయన నర్సరీ మొక్కలే. మొదటి కోట దగ్గర మొక్క మొదలు తడిమి “మీ ఊరి కట్టు దీనికంటే సన్నగా ఉంటుంది” అన్నారు. రెండో కోట దగ్గరా అదే మాట. అంత దూరం సైకిలు తొక్కి, అంత పెద్ద కోట ముందు నిలబడి, అక్కడ కూడా నీ పొగడ్తే వినాల్సి వచ్చిందన్నమాట. నువ్వు కడియం దాటి పోయిందీ లేదు, ఆ కోటల మొహం చూసిందీ లేదు.

మూడో కోట దగ్గర బెంచీ మీద కూర్చుని రొట్టె, జున్ను తింటున్నాం. ఆయన జేబులోంచి తాడు ముక్క తీసి నా వేలికి చుట్టారు. “నువ్వు ఇటు తిప్పి కడతావు. ఫోటోలో అటు తిప్పి ఉంది. ఏడాదిగా చూస్తున్నాను. అది ఎవరు కట్టారు?” అని అడిగారు.

కోపంగా అడగలేదు, ఆశగా అడిగారు. ఆ ఆశ చూడగానే నాకు కడుపు మండిపోయింది. “మా అన్నయ్య” అన్నాను. ఆ వెంటనే, నాకే తెలియకుండా, “చనిపోయాడు” అన్నాను.

ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. తిరుగు దారిలో నాతో సమానంగా మెల్లగా తొక్కుకుంటూ వచ్చారు. ఆ కోటలన్నీ మళ్ళీ దాటాం, నేను ఒక్కదాన్నీ తలెత్తి చూడలేదు.

మర్నాడు పనికి వెళ్తే ఫోటో కింద గ్లాసులో ఒక ఎర్ర గులాబీ ఉంది. నాతో పనిచేసేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నా చెయ్యి పట్టుకుని నొక్కి వెళ్ళారు. ఒకావిడైతే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నువ్వు ఆ వేళకి కడియంలో పీట మీద కూర్చుని పని చేసుకుంటూ ఉంటావు. నాకు అన్నం సయించలేదు. మంగళవారం పొద్దున్నే ఆయన గదికి వెళ్ళి “మా అన్నయ్య బతికే ఉన్నాడండి” అని చెప్పాను. ఎడం చెయ్యి సంగతి, షెడ్డు వెనక సంగతి, నేను నీ పీట మీద కూర్చున్న సంగతి, అన్నీ చెప్పేశాను. ఆయన మొహం ఎర్రబడిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పంపించేస్తారేమో అనుకున్నాను.

మూడో రోజు పిలిచి కాంట్రాక్టు కాగితం ముందు పెట్టారు. వచ్చే సీజనుకి ఇంకొకరు కావాలట. పేరు ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. “నువ్వే రాయి” అన్నారు. అది పదిహేను రోజులు నా పెట్టెలోనే ఉంది. పోయిందని చెబుదామా అని కూడా ఆలోచించాను, నిజం చెబుతున్నాను. నువ్వు వస్తే నెల తిరక్కుండా ఎవరి చెయ్యి గొప్పదో అందరికీ తెలుస్తుంది, నన్ను సత్తిబాబు తమ్ముడు అంటారు. చలి గురించి అబద్ధాలు రాసింది కూడా ఎప్పటికైనా నీకు ఇటు రావాలని బుద్ధి పుడుతుందేమోనన్న భయంతోనే.

నిన్న నీ పేరు రాశాను. కాగితం ఇందులోనే పెట్టాను. ఈ నెలాఖరులోగా సంతకం చేసి పంపాలి. పాస్‌పోర్టు కోసం రాజమండ్రి వెళ్ళినప్పుడు వదినని కూడా తీసుకెళ్ళు, పాపతో సహా రావడానికి వీలుందని మిషెల్ గారు అన్నారు. ఇక్కడ ఎడం చేత్తో తింటారు, రాస్తారు, డబ్బులు ఇస్తారు, ఎవరూ తప్పు పట్టరు. నువ్వు ఎవరు వచ్చినా పీట మీంచి లేవక్కర్లేదు.

నర్సరీ ఆయనకి నమస్కారాలు చెప్పు. పక్కింటి మామ్మగారి కాళ్ళకి నా తరఫున దణ్ణం పెట్టు. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, ఈసారి పోన్లేరా అనకు. తిట్టాక దీవించు.

ఒక్క మాట. నువ్వు రానని రాస్తే నాకు లోపల సంతోషంగానే ఉంటుంది. అందుకే చెబుతున్నాను, నా సుఖం చూడకు. వచ్చేయ్.

నీ తమ్ముడు,
సూరిబాబు