ఉల్లిపాయల వీధిలో కంప్యూటర్

మార్చి 5, గురువారం

రాసేది గ్లాడిస్, మా లోగిలిలో అద్దెకుండే కుట్టుపని మనిషి. మాట నాది. నా పేరు అఫ్రకోమా. డెబ్బై దాటాయి, ఎంత దాటాయో మా అమ్మకే తెలియాలి. నాకు చదువు లేదు. తేదీలు లేకుండా చెబితే అది కేసు కాదు, ముసలిదాని ఏడుపు అన్నాడు స్టేషన్లో ఇన్‌స్పెక్టర్. అందుకని తేదీలు వేయించి చెబుతున్నాను. తిట్లు తీసేసి రాస్తానంది గ్లాడిస్. తీస్తే పెన్ను విరుస్తానన్నాను.

మొన్న మంగళవారం పగలు పదకొండు గంటలకి నా కొడుకు దాపాని మా కుమాసీ పట్నం బజారులో, ఉల్లిపాయల వీధిలో జనం కొట్టారు. వాడికి నలభై ఒకటి. నేను బాగు చేసిన కంప్యూటర్‌ని తల మీద పెట్టుకుని సొంతదారుకి ఇవ్వడానికి పోతున్నాడు. ఎవరో ఆడది దొంగ అని అరిచింది. చెప్పు తీసి మొదటి దెబ్బ కూడా ఆవిడే కొట్టింది. తర్వాత ఉల్లిపాయల పెట్టెల చెక్కలు, మేకులతో సహా. తర్వాత సిమెంటు దిమ్మ. వాడి రెండు చేతులూ పైన పెట్టెని పట్టుకుని ఉన్నాయి. పడేస్తే బోర్డు పగులుతుందని పడేయలేదు. డొక్కలు తెరిచి నిలబడ్డాడు. ప్రాణం పోయినా మిషను నేల మీద పడకూడదని నేర్పింది నేనే.

ఆస్పత్రిలో చూశాను. ఒక కన్ను లేదు. మంచానికి బేడీ వేశారు. కదల్లేనివాడికి బేడీ ఎందుకంటే రూలు అన్నాడు పోలీసు. దాపా నన్ను ఒకటే అడిగాడు, మిషను ఆన్ అవుతోందా అని. అవుతోందన్నాను. అబద్ధం. అది స్టేషన్లో ముక్కలై ఉంది.


మార్చి 6, శుక్రవారం, పొద్దున ఆరు

దాపా పోయాడు. పోయాక గాని బేడీ తీయలేదు.


మార్చి 8, ఆదివారం

నా తమ్ముడు వచ్చాడు. దాపాకి మేనమామ, మా వంశానికి పెద్ద. మాలో చావు పెత్తనం మేనమామదే. దొంగతనంలో పోయినవాడికి డప్పులు కొట్టరు, చావుకి కట్టే ఎర్ర గుడ్డ కట్టరు, ఊరిని పిలవరు, రేపు పొద్దున్నే పూడ్చేద్దామన్నాడు. దొంగ కాదురా అన్నాను. పోలీసు కాగితంలో దొంగ అని ఉంది కదక్కా అన్నాడు, నేల చూస్తూ.

చెంప మీద కొట్టాను. అరవై నాలుగేళ్ళ పెద్దమనిషి, నలుగురి ముందు. కొట్టించుకుని నిలబడ్డాడు. ఆ మాట కాగితం మీద నుంచి పోయేదాకా నా కొడుకు మార్చురీ ఫ్రిజ్‌లోంచి బయటికి రాడని చెప్పాను. రోజులు గడిచేకొద్దీ ఖర్చన్నాడు. నన్ను అమ్ముకోమన్నాను.


మార్చి 10, మంగళవారం

ఇవాళ స్టేషన్లో సంగతి తెలిసింది. అరిచినావిడ పేరు పొమా, బట్టల వ్యాపారం. కంప్యూటర్ ఆవిడదే. ఫిబ్రవరిలోనే దొంగలెత్తుకుపోయారని కంప్లయింట్ ఇచ్చి ఉంది. ఉల్లిపాయలు కొంటూ తలెత్తితే, తను కుట్టిన పసుపు పువ్వుల తొడుగుతో తన మిషను ముక్కూమొహం తెలియనివాడి నెత్తి మీద పోతోంది. అరిచింది.

ఆవిడ మొగుణ్ణి కూడా పిలిచారు. బోవాహెన్. వాణ్ణి చూడగానే నా ఒళ్ళు మండింది. ఆ మిషను నా చేతికిచ్చింది వాడే. ఫిబ్రవరిలో ఒక ఆదివారం లోగిలంతా చర్చికి పోయిన వేళ, పాస్టరుకీ నాకూ పడదు గనక నేనొక్కదాన్నే ఉన్న వేళ తెచ్చాడు. పెళ్ళానికి చెప్పొద్దు, మూడు నెలల లాభం పెట్టి కొంది, చంపేస్తుందన్నాడు. ఇప్పుడు ఈ అవ్వని నేనెప్పుడూ చూడలేదన్నాడు.

చిత్తు కాగితమైనా చూపించమన్నాడు ఇన్‌స్పెక్టర్. నా దగ్గర కాగితాలుండవు. మిషన్ల గొంతులు గుర్తుంటాయి. కాబట్టి ఆ మిషను సంగతి ఇక్కడ రాయిస్తున్నాను.

మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. వాసన చూశాను. మాడిన ఎండుచేప. పవర్ సప్లై విప్పితే లోపల రెండు బుల్లి కెపాసిటర్ డబ్బాలు పేలి, అట్ట కక్కి ఉన్నాయి. వెనక ఎర్ర స్విచ్ ఒకటుంటుంది. అంకెలు నాకు రావు. ఇటు జరిపితే అమెరికా కరెంటు, అటు జరిపితే మన కరెంటు, అంతవరకు తెలుసు. అమెరికా ఇళ్ళల్లో వాడి పంపిన మిషన్లు కంటైనర్లో అటువైపు స్విచ్‌తోనే దిగుతాయి. బోవాహెన్ జరపలేదు. అలాగే ప్లగ్గులో పెట్టాడు. ఢామ్మంది.

వేరే సప్లై వేశాను. ఫ్యాన్ తిరిగింది గాని మూడు బీప్‌లు కొట్టింది. ర్యామ్. దాన్ని తీసి, అంచున మెరిసే పళ్ళని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్ళీ నొక్కాను. ఒకటే బీప్. ఒకటి కొడితే ఒంట్లో బాగుందని. దాపా ఫోన్ చేశాడు. ఇంటికి తేవద్దు, మంగళవారం ఉల్లిపాయల వీధి చివర లారీ స్టాండు దగ్గరుంటానన్నాడు బోవాహెన్.

అక్కడికే పోయాడు నా కొడుకు.

ఇదంతా ఇన్‌స్పెక్టర్‌కి చెప్పాను. కాలిన సప్లై ఇంట్లో ఉంది తెస్తానన్నాను. అలాంటివి నీ షెడ్డులో వంద ఉంటాయి కదా అవ్వా అన్నాడు.


మార్చి 11, బుధవారం

బోవాహెన్ ఇంటికి పోయాను, కాలిన సప్లై పట్టుకుని. పొమా దుకాణంలో ఉంది. వాడే తలుపు తీశాడు. అబద్ధం ఎందుకాడావు, పెళ్ళానికి దొంగలు పడ్డారని చెప్పావా అని అడిగాను. మొహం పాలిపోయింది. నోరు మాత్రం తగ్గలేదు. చుట్టుపక్కలవాళ్ళు వినేలా అన్నాడు: “నీ కొడుకు దొంగ. నువ్వు దొంగసొత్తు దాచేదానివి.”

సప్లైకి తీగలు జడలా వేలాడుతుంటాయి. ఆ జడ పట్టుకుని తిప్పి మూతి మీద కొట్టాను. రెండు పళ్ళు గడప మీద పడ్డాయి. ఇంకోసారి తిప్పాను, చెవి దగ్గర తగిలింది. మూడోది తగిలేదే, పక్కింటివాళ్ళు వచ్చి పట్టుకున్నారు. నన్నూ వాయించారు. ఎడమచేతి చిటికెన వేలు వెనక్కి విరిచింది ఒక పిల్లల తల్లి.

నేను కొట్టలేదని చెప్పను. జడ్జికి కూడా ఇదే చెబుతాను. వాణ్ణి చంపాలనే కొట్టాను.


మార్చి 14, శనివారం

మూడు రోజులు లాకప్. గ్లాడిస్ వాళ్ళన్న పూచీ ఉంటే వదిలారు.

వచ్చేసరికి షెడ్డు లేదు. పద్దెనిమిది మిషన్లు, అన్నీ జనం నమ్మి ఇచ్చినవి. గొడ్డలితో నరికారు. బోర్డులు అప్పడాల్లా విరిచారు. నా స్క్రూడ్రైవర్లు బురదగుంటలో ఉన్నాయి. తలుపు మీద ఎర్ర రంగుతో ఏదో రాశారు. గ్లాడిస్ చదవనంది. చదవమన్నాను. దొంగ తల్లి అని రాశారట.

చెరపొద్దన్నాను. చెరపాల్సినవాళ్ళు వేరే ఉన్నారు.


మార్చి 19, గురువారం

ఇవాళ పొమా దగ్గరికి పోయాను. మొగుడు పళ్ళ డాక్టరు దగ్గరికి పోయాడని కనుక్కునే పోయాను.

పెరట్లో ఉడికిన దుంపలు వేసి ఫుఫు ముద్ద దంచుతోంది. నన్ను చూసి రోకలి ఎత్తుకునే వచ్చింది. నా మొగుడి పళ్ళు రాలగొట్టి మళ్ళీ వస్తావా ముసలిదానా అని. భుజం మీద పడింది దెబ్బ. ఇంకా నొప్పిగా ఉంది. రెండోది ఎత్తేలోగా రోకలి పట్టుకుని వేలాడాను. ఇద్దరం బురదలో పడ్డాం. ఆవిడ నా జుట్టు పట్టింది, నేను మణికట్టు కొరికాను. రక్తం ఉప్పగా తగిలింది. అలా కొరికి పట్టుకునే, పళ్ళ సందుల్లోంచే అడిగాను, ఫిబ్రవరిలో ఒక రోజు బజారు నుంచి ఇంటికొస్తే ఎండుచేప మాడిన వాసన వచ్చిందా లేదా అని.

జుట్టు మీద ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

వచ్చిందంది. ఇంట్లో కరెంటు కూడా పోయిందంది. చేప వేయిస్తుంటే మాడిందన్నాడట మొగుడు. మర్నాడే దొంగలు పడ్డారట.

మిషను పెట్టిన గది చూపించమన్నాను. చూపించింది. బల్ల మీద ఏమీ లేదు. గోడకి చర్చి క్యాలెండర్ ఉంది, బల్ల కింద, మోకాలి ఎత్తులో. క్యాలెండర్ అక్కడెవరు తగిలిస్తారమ్మా, కుక్కలు తారీకులు చూసుకుంటాయా అన్నాను. ఆవిడే వంగి పీకింది. వెనక గోడ మీద నల్లటి మసి, పెట్టె వెనక ఫ్యాన్ ఉండే చోటికి సరిగ్గా. ప్లగ్గు చుట్టూ ప్లాస్టిక్ కరిగి ఉంది. ఎర్ర స్విచ్ సంగతి చెప్పాను. పోలీసులు పట్టుకెళ్ళిన కాలిన సప్లై స్టేషన్లో ఉంది, వాసన చూసుకొమ్మన్నాను.

నేల మీద కూర్చుంది. పరిహారంగా గొర్రె ఇస్తాను, సారా సీసా ఇస్తాను, చావు ఖర్చంతా పెట్టుకుంటానంది. నాకేం వద్దన్నాను. ఏ గొంతుతో అరిచావో ఆ గొంతుతోనే, అక్కడే నిలబడి, కాదని అరవమన్నాను.

ఆ మాట అంటే వాళ్ళు నన్ను చంపుతారంది.

నా కొడుకుని అడుగు అన్నాను.


మార్చి 21, శనివారం, సాయంత్రం

మెల్లగా చెబుతున్నాను. ఊపిరి తీస్తే పొడుస్తోంది. గ్లాడిస్ కాస్త ఆగి ఆగి రాస్తోంది.

నేను కాచుకుని ఉన్న ఉల్లిపాయల వీధికి పొద్దున పదింటికి పొమా వచ్చింది. మొగుణ్ణి చొక్కా కాలర్ పట్టుకుని ఈడ్చుకొచ్చింది. వాడి మూతి ఇంకా వాచే ఉంది. ఉల్లి బస్తా మీదెక్కి అరిచింది. దాపా దొంగ కాదు, నా మిషను బాగు చేసి తెచ్చాడు, ఇచ్చింది ఈ నా మొగుడే, దొంగలు పడ్డారని నాకు అబద్ధం చెప్పాడు, నేను నమ్మి అరిచాను, మీరు నన్ను నమ్మి చంపారు. అరుపంటే అదీ. వీధి చివరిదాకా బేరాలు ఆగిపోయాయి.

పొమాని ఎవరూ ముట్టుకోలేదు. చూపులు వాడి మీదికి తిరిగాయి. ఒకడు చెక్క తీశాడు. ఇంకొకడు దిమ్మ ఎత్తాడు. అవే చెక్కలు, అవే చేతులు. నన్ను చూసి పక్కకి జరుగు అవ్వా, నీ కొడుకు పగ మేం తీరుస్తామన్నాడు ఒక బస్తాలవాడు, నవ్వుతూ. మొదటి దెబ్బకే బోవాహెన్ పడిపోయాడు. రెండోది నడుం మీద, మూడోది మోకాలి చిప్ప మీద. చిప్ప పగిలిన చప్పుడు విన్నాను. మనసుకి హాయిగా ఉంది. ఇది కూడా రాయి గ్లాడిస్.

దిమ్మ తల మీదికి లేచింది. అప్పుడు వాడి మీద పడ్డాను.

జాలితో కాదు. వాడు పోతే జడ్జి ముందు ఎవరు చెబుతారు? పొమా చూసింది మసి. మిషను నా చేతికిచ్చింది వాడు. ఆ సంగతి చెప్పగలిగిన నోరు ఈ ఊళ్ళో ఒక్కటే ఉంది, అందులో రెండు పళ్ళు నేనే రాలగొట్టాను. ఆ నోరు నాకు కావాలి. వాడి తల నా రొమ్ము కింద పెట్టుకుని, కొట్టండిరా అన్నాను. కొట్టారు. దిమ్మ డొక్కలో పడింది. తర్వాత ఒక ముసలిదాన్ని కొడుతున్నామని ఎవడికో తోచింది.

దెబ్బలు పడుతుండగా బోవాహెన్ నా చెవిలో అన్నాడు: “ఆ రోజు నేనక్కడే ఉన్నాను అవ్వా. స్టాండు దగ్గర నిలబడి చూశాను. చివరిదాకా చూశాను.”

ఈ మాట జడ్జికి చెప్పు, ఇప్పుడు చావకు అన్నాను.


మార్చి 22, ఆదివారం

మూడు పక్కటెముకలు. గ్లాడిస్ నవ్విస్తోంది, వద్దంటే వినదు.


ఏప్రిల్ 17, శుక్రవారం

కోర్టు. బోవాహెన్ కర్రల మీద వచ్చాడు. అంతా చెప్పాడు, నిలబడి చూసిన సంగతితో సహా. అరిచి చెప్పి ఉంటే ఆగేవారు కదా అని జడ్జి అడిగితే, ముందు నా ఆవిడ మొహం కనిపించింది సార్ అన్నాడు. పొమా తల పక్కకి తిప్పుకుంది.

దాపా మీద దొంగతనం కేసు కొట్టేశారు. గ్లాడిస్ కాగితం చూసి దొంగ అన్న మాట లేదని చెప్పింది. ఇంకో ఇద్దరితో చదివించాను. లేదు. బోవాహెన్‌కి, తప్పుడు కేసు పెట్టించినందుకు రెండేళ్ళు. వాడి పళ్ళకి నాకు జరిమానా.

కొట్టినవాళ్ళెవరని జడ్జి అడిగాడు. జనం అన్నాడు ఇన్‌స్పెక్టర్. జనం ఇంటి నంబరెంత అని నేనడిగాను. నన్ను కూర్చోమన్నారు.


ఏప్రిల్ 25, శనివారం

ఫ్రిజ్‌లోంచి తెచ్చాం. నా తమ్ముడు ఎర్ర గుడ్డ కట్టాడు. డప్పులు పొద్దుపోయేదాకా మోగాయి.


జూన్ 9, మంగళవారం

ఒకడు సొంత మిషను తెచ్చాడు. మూడు బీప్‌లు. వాడు నన్ను ఆనవాలు పట్టలేదు, నేను పట్టాను. ఆ రోజు నవ్విన బస్తాలవాడు. రుద్ది ఇచ్చాను, ఒక్క బీప్ కొట్టింది. వాడి నెత్తిన పెట్టి, ఉల్లిపాయల వీధి గుండా పోతే దగ్గరన్నాను. అప్పుడు నా మొహం చూశాడు.

చుట్టు దారిన పోయాడు.