బాపు పాటల పుస్తకం

ప్రియమైన తమ్ముడు జయకర్‌కు,

పాల్మాకుల నుంచి అక్క డోర్కాస్ ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాసేది. మీ బావ, పిల్లలు బాగున్నారు. అందరం క్షేమమని రాయబోయి ఆగాను. బాపు బాగా లేడు. గొంతు ఆపరేషన్‌తో మాట పోయింది కదా, ఇప్పుడు గంజి కూడా దిగడం లేదు. దవాఖాన వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

సిగ్నల్ లేని ఆ మంచు కొండల్లో కూర్చుని, పుస్తకం దొరికిందా అని అడిగావు. బాపు వయసులో ఉండగా శంషాబాద్‌లో అచ్చు వేయించిన పుస్తకం కదా! అందులోని చివరి పాటే తన సమాధి దగ్గర పాడాలని రోజూ పలక మీద రాసి చూపిస్తున్నాడు. ఆ పాట సంఘంలో ఎవరికీ రాదు. రాసిన బాపుకే గుర్తు లేదు.

సైన్యంలో చేరకముందు లైబ్రరీలో పనిచేసినవాడివని నువ్వు చెప్పినట్టే చేశాను. ఎయిర్‌పోర్టు క్యాంటీన్‌లో పని మధ్య దొరికిన పది నిమిషాలూ ఫోన్‌లో సిటీ లైబ్రరీ జాబితానే. పుస్తకం పేరు మొత్తం కొడితే ఏమీ రాలేదు. ఖాయంగా తెలిసిన ఒక్క మాటతో మొదలుపెట్టమన్నావు. పాటలు అని కొడితే వందల పుస్తకాలు వచ్చిపడ్డాయి, మనది లేదు. రచయిత దగ్గర మత్తయ్య అని కొట్టాను. ఎవరెవరో మత్తయ్యలు వచ్చారు కానీ మనల్ని కన్న బాపు రాలేదు.

చివరికి ప్రేమావతి అత్త తిట్టింది. "పిచ్చిదానా, అప్పుడు మా అన్న చర్చికి పోతుండె గని బాప్తిస్మం తీస్కోలే. పుస్తకం మీద బిక్షం అనే ఉంటది." ఆ పాత పేరు మనింట్లో ఎవరూ ఎత్తరు కదా, నాకు తట్టనే లేదు.

బిక్షం అని కొట్టి, పక్కన పాటలు అని చేర్చాను. ఒక్కటే వచ్చింది. మనదే! ముప్పై రెండు పేజీలు, ఒకే ప్రతి. కింద చిన్న అక్షరాల్లో "ప్రతి కనిపించడం లేదు" అని ఉంది. ఫోన్ చేస్తే, "అది ఎన్నడో పోయిందమ్మా, జాబితాల పేరే మిగిలింది" అన్నది అక్కడామె. క్యాంటీన్ వెనక గిన్నెల దగ్గర కూర్చుని ఏడ్చాను.

నీ దగ్గర ఒకటి దాచాను, తమ్ముడూ. మనింట్లో ఒక ప్రతి ఉండేది. తుక్కుగూడలో కిరాయి ఇల్లు ఖాళీ చేసిన రోజు, చెదలు పట్టిన కాగితాలతో కలిపి పాత పేపర్ల వాడికి నేనే వేశాను. నిన్న బాపు కాళ్లు పట్టుకుని చెప్పాను. పలక అందుకుని రాశాడు: "నేను చూసిన బిడ్డా. అంటే పరేషాన్ అయితవని ఊకున్న." తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

అమ్మ బతికుండగా నిన్ను ఆ పాటతోనే నిద్రపుచ్చేది. నేను ఎన్నడూ చెవిన పెట్టలేదు. ఇక వెతకడానికి నువ్వు తప్ప చోటు లేదు. ఖాయంగా తెలిసిన ఒక్క మాటతో మొదలుపెట్టు. ఉత్తరం చేరేసరికి బాపు ఉంటాడో లేదో. అయినా పాట గుర్తొచ్చినంత రాయి.

ఇట్లు,
బాపు పాటను తూకానికి వేసిన నీ అక్క,
డోర్కాస్