సుత్తి తగలని గుంటలు

చిన్నమ్మాయికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ ఇద్దరం బాగానే ఉన్నాం. బాగా లేకపోతే మీ అమ్మ ఈపాటికి నీకు ఫోన్ చేసి ఉండేది. నువ్వూ, నీ పనివాళ్ళిద్దరూ, తీగలూ పొగా నిండిన నీ పని గదీ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. పార్సిల్లో రంగు కోసం పంపిన ఖాళీ పెట్టెల అడుగున పెట్టావు, అన్నీ తీశాక గానీ కనిపించలేదు. ఇకనుంచి పైన పెట్టు. ఫోన్‌లో చెప్పక ఈ వయసులో నాన్న కాగితాలు ఎందుకు ఖరాబు చేస్తున్నాడని అనుకుంటావు. ఫోన్ ఎత్తితే మీ అమ్మ తన చెవి కూడా తెచ్చి దానికే ఆనిస్తుంది. ఇందులో రాసే సంగతి తన ముందు నోటితో చెప్పగలిగేది కాదు. తను ఇవాళ మీ పిన్ని ఇంటికి వెళ్ళింది, సాయంత్రం దాకా రాదు. నా అక్షరాలు పెద్దవి. ఒత్తులు ఎక్కడ పడితే అక్కడ పడతాయి. కూడబలుక్కుని చదువుకో.

ముందు నువ్వు అడిగినవి.

మోకాలు అలాగే ఉంది. మెట్లు ఎక్కేటప్పుడు ఊరుకుంటుంది, దిగేటప్పుడు తిడుతుంది. రంగు కొట్టేటప్పుడు ముక్కుకు ముసుగు పెట్టుకుంటున్నామా అన్నావు. పెట్టుకుంటున్నాం. నువ్వు పంపిన ముసుగు తగిలించుకుంటే మనిషి మూతి పంది మూతిలా ఉంటుంది గానీ, దగ్గు మాత్రం తగ్గింది.

స్విచ్చి కన్నం చుట్టూ రంగు పెచ్చు లేచిందన్నావు. అది రంగు తప్పు కాదు, నీ పనివాడి తప్పు. నట్టు కింద వాషర్ వేయకుండా రెంచీతో బిర్రుగా తిప్పి ఉంటాడు. ప్లాస్టిక్ వాషర్ వేయమను. అల్యూమినియం మీద రంగు నిలవాలంటే ముందు ఎమరీ కాగితం పట్టాలి, జిడ్డు పోయేలా థిన్నర్‌తో తుడవాలి, అడుగు కోటుగా ప్రైమర్ కొట్టాలి. అవన్నీ నేను నా చేతులతో చేశాను. వాటికి పూచీ నాది.

ఒక పెట్టె మూల మీద వేలిముద్ర పడి ఉంది, ఎలా జరిగిందని అడిగావు. దానికి జవాబు కింద వస్తుంది.

ఇక అసలు సంగతి. నీ పెట్టెలు తీసుకునే కొట్టాయన నన్ను చూడాలంటున్నాడని రాశావు. రంగు ఎప్పుడూ ఇలాగే వస్తుందని నమ్మకం కుదిరితే, నువ్వు చేసినన్ని పెట్టెలు ఆయనే తీసుకుంటానన్నాడు. అందుకు నేను నీ దగ్గరికి వచ్చి, ఆయన కళ్ళ ముందు రంగు వేసి, నీ పనివాళ్ళకు కూడా నేర్పాలి. నేను రాకపోతే ఆయన ఇంకొకరిని చూసుకుంటాడు. ఇదీ నువ్వు రాసింది. చివర్లో, ‘నాన్నా, నీ చేయి ఒక్కసారి చూస్తే చాలు, ఆయన నోరు మూతపడుతుంది’ అని కూడా రాశావు.

నా చేయి చూస్తే ఆయన నోరు మూతపడదు. తెరుచుకుంటుంది. ఎందుకో చెబుతాను.

నువ్వు మొదట ఈ పని చెప్పినప్పుడు నేనేమన్నానో నీకు గుర్తుండే ఉంటుంది. కాలితో నొక్కితే గిటారు గొంతు మార్చి దానికి జలుబు చేయించే పెట్టె, దానికి మళ్ళీ మశూచి వచ్చిన రంగా అన్నాను. నువ్వు నవ్వావు. నేను నవ్వులాటకు అనలేదు. షెడ్డులో నేను రంగు వేసిన కారు తలుపు ముందు నిలబడి జనం మీసం దువ్వుకునేవాళ్ళు. రంగంటే అది. ఆరేటప్పుడు తనంతట తానే గుంటలు లేచే ఈ సుత్తి దెబ్బల రంగు మా రోజుల్లో పాత మిషన్ల మూతలకు వేసేవాళ్ళు. సొట్టలు సాపు చేయడం చేతకానివాడు వేసుకునే రంగని మా పనివాళ్ళకు నేనే చెప్పేవాణ్ణి.

అయినా ఒప్పుకున్నాను. షెడ్డు మూసేశాక పగలు మరీ పొడుగ్గా ఉంటోంది. ఆ మాట నీకు అప్పుడు చెప్పలేదు.

వెనక వసారాలో పెద్ద అట్టపెట్టె ఒకటి పక్కకు పడుకోబెట్టి, దుమ్ము పడకుండా గూడులా చేశాను. ఖాళీ డబ్బాలు బోర్లించి వాటి మీద నీ పెట్టె పెట్టాను. నొక్కితే రంగు చిమ్మే డబ్బా బాగా ఊపి, జానెడున్నర దూరం నుంచి, ఈ చివర మొదలుపెట్టి ఆ చివర దాకా సన్నటి కోటు వేశాను. చేయి వణకలేదు. ఎంత చక్కగా వేశానంటే, పెట్టె పాత బకెట్టులా తయారైంది. ఒక్క గుంట లేదు. ఇంకో కోటు వేశాను. అక్కడొకటి ఇక్కడొకటి గుంట లేచింది. అవి చూడగానే చేయి ఊరుకోలేదు, సాపు చేయడానికి పోయింది. సాపు చేసేసింది. కడిగాను, ఎమరీ పట్టాను, మళ్ళీ కొట్టాను. మళ్ళీ బకెట్టు.

డబ్బాను తిట్టాను. గాలిని తిట్టాను. నిన్ను కూడా తిట్టాను. మీ అమ్మ కిటికీలోంచి చూసి, “డబ్బా మీద ఏదో రాసి ఉంది కదా, చదవకూడదూ?” అంది.

“నలభై ఏళ్ళు రంగులో మునిగి తేలినవాడికి డబ్బా పాఠం చెప్పాలా?” అని, చొక్కా తగిలించుకుని మంగలి దగ్గరికి పోయాను.

వాడి నోరు నీకు తెలుసు కదా. గడ్డానికి నురగ పట్టిస్తూ, “ఏం పెద్దాయనా, మళ్ళీ రంగు పని పెట్టావా? చెవిలో వెండి రంగు మెరుస్తోంది” అన్నాడు.

“పనా పాడా. పిల్లది ఏదో ఆడుకోవడానికి పంపింది.”

“ఆటకైతే మొహం అలా పెట్టావేం? ఓడిపోయావా?”

మొహం నిండా నురగ ఉంటే జవాబు చెప్పడం కష్టం. 

తిరిగొచ్చేసరికి గూట్లో పెట్టె ఉంది. కంసాలి ఓపిగ్గా కూర్చుని చిన్న సుత్తితో కొట్టినట్టు, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా గుంటలు. దేని చోట అది ఉంది. ఒకటి ఇంకొకదాని మీద పడలేదు. వెలుగు తగిలిన వైపు చినుకులు పడుతున్న నీళ్ళలా ఉంది.

“ఎవరొచ్చారు?” అన్నాను.

“ఎవరొస్తారు? నేనే.”

“నువ్వా?”

“డబ్బాను గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు ఉంచమని రాసి ఉంది, ఉంచాను. దగ్గర నుంచి దట్టంగా కొట్టమని రాసి ఉంది, కొట్టాను. ఇక కారుతుందేమో అనిపించినప్పుడు ఆపాను. లోపల పాలు పొయ్యి మీద ఉన్నాయి, పొంగుతాయని పోయాను. వచ్చేసరికి ఇలా అయింది. కడిగేయమంటారా?”

“వద్దు,” అన్నాను. “పాలు పొంగాయా?”

“లేదు.”

రెండో పెట్టె తీసి ఎమరీ పట్టడం మొదలుపెట్టాను.

కాబట్టి తెలుసుకో. ఇప్పటిదాకా నీకు చేరిన పెట్టెల్లో ఒక్కదాని మీద కూడా రంగు నాది కాదు. అన్నీ మీ అమ్మ వేసినవే. నిలబెట్టి కొడితే కారుతుందని, ఒక్కో పక్కనూ పైకి తిప్పి పడుకోబెట్టి, అది ఆరాకే రెండో పక్క కొట్టాలని కూడా తనే కనిపెట్టింది. నేను ఎమరీ పడతాను, తుడుస్తాను, ప్రైమర్ కొడతాను, కన్నాలకు టేపు అంటిస్తాను. ఆ తర్వాత పక్కకు జరుగుతాను.

మొదటి పార్సిల్ అప్పుడే చెబుదామనుకున్నాను. ఇంతలో నీ ఉత్తరం వచ్చింది. ‘నాన్నా, నీ చేయి చేయే’ అని రాశావు. ప్రతి పెట్టెలోనూ ‘మా నాన్న చేతి రంగు’ అని అచ్చు వేయించిన చీటీ పెడుతున్నానని రాసి, నాకూ ఒకటి పంపావు. మీ అమ్మకు పైకి చదివి వినిపించాను. తను కూర తరుగుతోంది. తలెత్తకుండా, “అవును, ఆ చేయి చేయే” అంది. నేను ఆ చీటీ పట్టుకెళ్ళి మంగలికి చూపించాను. వాడు దాన్ని అద్దానికి అంటించాడు. ఇప్పటికీ అక్కడే ఉంది. గడ్డం గీయించుకున్నప్పుడల్లా నా మొహం పక్కనే కనిపిస్తుంది.

ఈసారి నువ్వు రమ్మని రాశాక, మీ అమ్మ ఇంట్లో లేని వేళ చూసి మళ్ళీ ప్రయత్నించాను. డబ్బాను వెచ్చ చేశాను. దగ్గర నుంచి కొట్టాను, దట్టంగానే కొట్టాను. గుంటలు లేవడం మొదలైంది. ఒక మూల కాస్త పల్చగా ఉందనిపించింది. చేయి అటు పోయింది. నేను పంపలేదు, అదే పోయింది. మళ్ళీ బకెట్టే, కడిగేశాను. మీ అమ్మ వచ్చి, థిన్నర్ వాసనకు సంగతి గ్రహించి కూడా అడగలేదు. భోజనం దగ్గర మాత్రం, “తడి మీద ఉన్నప్పుడు దాని మానాన దాన్ని వదిలేయాలండీ. మీరు వదలరు” అంది. ఎత్తిపొడవలేదు. ఉన్నమాట చెప్పింది.

నేను రానని రాసేస్తానన్నాను. తను ఒప్పుకోలేదు. నన్ను వెళ్ళమంది. చేయి బెణికిందని చెప్పి పక్కన కూర్చుని నీ పనివాళ్ళ చేత చేయించమంది. దట్టంగా కొట్టమని, తర్వాత ముట్టుకోవద్దని నోటితో చెబితే చాలట. “కట్టు నేను కడతాను, చూసినవాళ్ళు జాలిపడేలా కడతాను” అంది. గుడ్డ కూడా చింపి సిద్ధంగా పెట్టింది.

“మరి నీ పేరు?” అన్నాను.

“నా పేరు ఏం చేసుకుంటాను? కూరలో వేసుకుంటానా?”

తనకు బాధ లేదు. నాకు ఉంది. ఇంకొకరి పని తన పనిగా చెప్పుకున్నవాణ్ణి ఒకణ్ణి నేను షెడ్డులోంచి బయటికి పంపాను. వాడు ఏడ్చినా మళ్ళీ రానివ్వలేదు. ఇప్పుడు బెణకని చేతికి కట్టు కట్టుకుని నీ ముందు కూర్చోలేను.

ఇక వేలిముద్ర సంగతి. ఆరిందో లేదో చూడబోయి మీ అమ్మ మూల పట్టుకుంది. “అయ్యో, పాడు చేశాను, రుద్దేయండి” అంది. రుద్దుదామనే ఎమరీ తీశాను. ఆ ముద్ర ఎంత చిన్నదో అప్పుడు చూశాను. పక్కన నా బొటనవేలు ఆనించి చూశాను, అందులో సగం కూడా లేదు. ఎమరీ జేబులో పెట్టుకుని, పెట్టెను పార్సిల్లో అన్నిటికంటే పైన పెట్టాను. మిల్లీమీటరు తేడా వస్తే కన్నం మళ్ళీ వేసే మనిషివి నువ్వు, పోల్చుకుంటావనుకున్నాను. నువ్వు ఎలా జరిగిందని అడిగావు గానీ ఎవరిదని అడగలేదు. అందుకని నేనే రాయాల్సి వచ్చింది.

సాయంత్రం తను రాగానే ఈ ఉత్తరం సంగతి చెబుతాను. అరుస్తుంది. అరవనీ. కట్టు గుడ్డ మసిగుడ్డల్లో వేసేశాను.

నువ్వు చేయాల్సింది ఇది. ఆ చీటీలు చించేసి, మీ అమ్మ పేరుతో కొత్తవి వేయించు. టికెట్లు రెండు తీయి. రంగు వేసే ఆవిడ వస్తోందని, వెంట ఒక ముసలాయన కూడా వస్తున్నాడని కొట్టాయనకు చెప్పు. మోసపోయానని ఆయన అనుకుంటే అనుకోనీ, ముందు రంగు చూడమను. ముద్ర పడ్డ పెట్టెను రుద్దవద్దు, ఎవరికీ ఇవ్వవద్దు.

ఇంకొకటి. నీ పని గది పక్కన ఒక పొయ్యి, గిన్నెడు పాలు సిద్ధంగా ఉంచు. రంగు కొట్టాక తను లోపలికి పోవడానికి ఏదో ఒక పని ఉండాలి. తను అటు పోగానే, నన్ను కూడా ఆ గదిలోంచి బయటికి పంపించు.

ఇట్లు,
ఎమరీ పట్టి, టేపు అంటించి, పక్కకు జరిగే
నీ నాన్న