నాన్న రేజర్ నేనే తీసిన

నాన్నా, నీ రేజర్ కోసం వెతకకు, నేనే తీసిన. వెంట్రుకలు పోయే లేజర్‌కు ముందు దారంతోటి పీకొద్దు, గడ్డం గీసుకొని రమ్మన్నది డాక్టరమ్మ. నీకు కొత్త బ్లేడు పెట్టిన. కుక్కర్ల పప్పు ఉన్నది, వేడి చేస్కో.

మొన్న పార్లరోళ్లు "టెస్ట్ ఎందుకు, లేజర్ ఇప్పుడే చేస్తం" అంటే నన్ను బయటికి గుంజుకొచ్చినవ్. అప్పుడు మస్తు కోపమొచ్చింది. డాక్టరమ్మనైతే "మా సారాది చామనఛాయ, ఈ మిషన్ పడ్తదా? ముందు జరంత జాగల పెట్టి చూడున్రి" అని అందరు వినేటట్టు అడిగినవ్. జర మెల్లగ అడగొద్దా! కానీ నాకైతే అడగనీకి నోరే రాకపోతుండె. టెస్ట్ చేసిన కాడ బొబ్బ రాలే, మచ్చ పడలే. నీ వల్లనే ఇయ్యాల ధైర్యంగ పోతున్న.

సారా

మూతి కప్పుకునే చున్నీ తలుపు ఎనకనే ఉన్నది. మర్చిపోయిన అనుకొని ఎంబడి తేకు. గొడుగు తీస్కపోతున్న, అది ఎండకే.