ఆఖరు ఎవరు?

కమగ్వే
14 మార్చి 2004, ఆదివారం

ప్రియమైన ఇదాల్మిస్‌కు,

నోర్కా రాస్తున్నది. నువ్వూ, హాస్టల్లో నీ పక్క మంచాల పిల్లలూ ఒంట్లో బాగుండి, కడుపునిండా తింటున్నారని తలుస్తాను. ఇక్కడ నేను క్షేమం. అమ్మమ్మ కూడా క్షేమమే గానీ ఆమె కుడి మోకాలు క్షేమం కాదు. నెలరోజులు మెట్లు దిగొద్దని డాక్టరు చెప్పాడు. ఈ ఉత్తరంలో రాయబోయే సంగతులన్నిటికీ ఆ మోకాలే మూలం.

నువ్వు నాతో మాట్లాడక ఎనిమిది నెలలైంది. చివరిసారి నువ్వు అన్నది నాకు పొల్లుపోకుండా గుర్తుంది. ఇంటర్వ్యూలో నిన్ను అంతంత మాటలన్న ఆ హెనోవేవా టీచరు మీద నేను కూర్చుని మూడు పేజీల ఫిర్యాదు రాస్తే, కింద నీ పేరు గీకడానికి కూడా నీకు చేతకాదా, నేను పక్కన లేకపోతే నువ్వు క్యూలో ఆఖరు ఎవరని కూడా అడగలేవు పోవే, అన్నావు.

నిజమే, అప్పటికి అడగలేను. మూడో తరగతి నుంచి నా బదులు నువ్వే అడిగేదానివి. నాకు బాత్రూంకు వెళ్లాల్సి వస్తే చెయ్యెత్తేది నువ్వు. ఐస్‌క్రీం కొట్లో నాకు ఏది కావాలో చెప్పేది నువ్వు. ఎప్పుడూ చాక్లెట్ అనేదానివి. నాకు జామ ఇష్టమని చెప్పడానికి కూడా నోరు రాక ఏడేళ్లు చాక్లెట్టే తిన్నాను.

వచ్చే శుక్రవారం మీ బడిలో మిగిలిపోయిన సీట్లకు మళ్లీ ఇంటర్వ్యూలు. నాకు పిలుపొచ్చింది. ఇదీ పోతే నా వయసుకు ఇంకో అవకాశం లేదు, పిన్నితో పాటు కుట్టుపని శిక్షణలో చేరాలి. కుట్టుపని మీద నాకు కోపమేమీ లేదు. కానీ నాకు మాటలు కావాలి. లైబ్రరీలో పెద్ద నిఘంటువు మొదటి పేజీ నుంచి చదువుతున్నాను, మూడో అక్షరం సగానికి వచ్చాను. కాగితం మీద ఇన్ని మాటలతో స్నేహం చేసినదాన్ని, ముగ్గురు మనుషుల ముందు కూర్చుని ఒక్కటీ పలకలేకపోతే ఆ చదువంతా ఎందుకు? ఈసారి శుక్రవారం రాకముందే నా నోటికి పని నేర్పాలని తీర్మానించుకున్నాను. సరిగ్గా అప్పుడే అమ్మమ్మ మోకాలు వాచింది, రేషన్ పుస్తకం నా చేతికొచ్చింది.

మొదటిరోజు గుడ్ల కోసం వెళ్లి, కొట్టు గోడ పక్కన నీలం చొక్కా ఆవిడ వెనక నిలబడ్డాను. మన ఊళ్లో క్యూ అంటే నిలబడటం కాదని నాకు తెలియక కాదు. వచ్చినవాళ్లు ఆఖరు ఎవరని గట్టిగా అడగాలి, చెయ్యెత్తినవాళ్ల మొహం గుర్తుపెట్టుకోవాలి, తరవాత ఏ నీడన కూర్చున్నా వాళ్ల వరస వాళ్లదే. అడగకపోయినా, అంతసేపు నిలబడితే ఎవరో ఒకరు చూసి లెక్కలో వేసుకుంటారులే అనుకున్నాను. గంటన్నర తరవాత, కొట్లో సరుకులిచ్చే ఫెర్మిన్ నీ ముందు ఎవరమ్మా అని అడిగాడు. నేను నీలం చొక్కా వైపు వేలు చూపించాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, నా వెనక ఉన్నది టోపీ పెట్టుకున్న ఆయన, ఈ పిల్లను నేనెరగను, ఎండకు గోడవార నిలబడింది కాబోలనుకున్నాను, అంది. అందరూ నవ్వారు. మళ్లీ చివరికి వెళ్లి నిలబడేలోపు గుడ్లు అయిపోయాయి.

అమ్మమ్మ ఖాళీ సంచీ చూసింది. నోరు ఇంట్లోనే మర్చిపోయి వెళ్లావా, రేపు గుర్తుగా సంచీలో వేసి పంపనా, అంది.

రెండోరోజు అడిగాను. ఎవరికీ వినపడలేదు. ఇంకోసారి అడిగాను. మెట్ల మీద డామినో ఆడుతున్న ముసలాళ్లలో ఒకాయన, ఆగండ్రా, ఎక్కడో దోమ పాడుతోంది, అన్నాడు. ఇంటికి పరుగెత్తాలనిపించింది, చెవులు వేడెక్కాయి. పరుగెత్తలేదు. మూడోసారి అడిగితే గొంతైతే బయటికొచ్చింది గానీ అది మేక గొంతులా ఉంది. అయినా చెట్టుకింద ఒక చెయ్యి లేచింది. ఆ చెయ్యిని వెళ్లి ముద్దుపెట్టుకోవాలనిపించింది.

ఆ తరవాత రోజుకొకటి నోరు తెరిచి అడగాలని పెట్టుకున్నాను. బస్సు డ్రైవర్ని నా వీధి దగ్గర ఆపమన్నాను. లైబ్రరీ ఆవిణ్ణి, పై అరలోని పుస్తకం తీసివ్వమన్నాను. ఐస్‌క్రీం కొట్లో జామ కావాలన్నాను. అయిపోయిందన్నాడు. ఫరవాలేదు, అడిగానుగా.

నిన్న కొట్టుకి కోడిమాంసం వచ్చింది. మాట వీధంతా పాకింది. నేను చేరిన కాసేపటికి కచీతా అనే ముసలావిడ వచ్చి ఆఖరు ఎవరంది. నేను చెయ్యెత్తాను. ఆవిడ నా చెవి దగ్గరికి వచ్చి, మా ఆయన మంచాన ఉన్నాడు తల్లీ, వెళ్లి పక్కకు తిప్పి వస్తాను, ఎవరైనా అడిగితే నీ వెనక నేనున్నానని చెప్పు, అంది. తలూపాను. తరవాత చేతిలో హెల్మెట్‌తో ఒకాయన వచ్చి గట్టిగా ఆఖరు ఎవరన్నాడు. నేను చెయ్యెత్తాను. నా వెనక ఇంకొకావిడ ఉందని చెప్పాలి. చెయ్యెత్తి ఊరుకున్నాను.

ఆవిడ తిరిగొచ్చేసరికి నా వంతు అయిపోయింది, గంపలో ఒక్కరి వాటాయే మిగిలింది. హెల్మెట్ ఆయన ముందుకొచ్చాడు. కచీతా తన వంతంది. ఎక్కడి వంతు, ఆ పిల్ల చెయ్యెత్తింది నాకు, ఈ ముసలమ్మను నేను చూడనే లేదు, వయసైపోగానే కొట్టు సొంతమైపోతుందా, అన్నాడాయన. తలా ఒక మాట అంటున్నారు. కచీతా ఎవరితోనూ వాదించకుండా నా వైపు చూస్తోంది. నా సంచీలో మాంసం ఉంది. నేను నడిచి వెళ్లిపోతే ఎవరూ ఆపరు.

ఇదాల్మిస్, నేను వెనక్కి వచ్చాను. ఆమె నా వెనక, ఈయన ఆమె వెనక, ఈయన అడిగినప్పుడు నేను చెప్పలేదు, తప్పు నాది, ఆమెది కాదు, అన్నాను. మేక గొంతు కాదు. ఈసారి నా గొంతే. అప్పుడెందుకు నోరు మూసుకున్నావని ఆయన అరిచాడు. భయమేసింది, అన్నాను. ఫెర్మిన్ ఇంకేమీ అడక్కుండా ఆ వాటా కచీతా సంచీలో వేశాడు. నీ భయం మా పిల్లల కూర తినేసింది చూడు, అని హెల్మెట్ ఆయన వెళ్లిపోయాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అయినా శుక్రవారం వస్తాను. భయంతోనైనా వస్తాను.

ఎప్పటికీ నీ స్నేహితురాలు,
నోర్కా

తా.క. కవరు అంటించాక మళ్లీ చించాను. హెనోవేవా టీచరు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆరోజు నేను ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లనే లేదు. ఆమె గుమ్మంలోకి వచ్చి రెండుసార్లు నా పేరు పిలిచింది. నేను బూటు తాడు కట్టుకుంటున్నట్టు వంగి కూర్చున్నాను. మూడోసారి నా దగ్గరికే వచ్చి, నోర్కా నువ్వేనా తల్లీ, నీ వ్యాసం చదివాను, చాలా బాగుంది, అంది. నేను కాదని తల అడ్డంగా ఊపాను. తరవాత గేటు దగ్గర నువ్వు ఏమైందని అడిగావు. ఎవరి ముందూ రెండు మాటలు కలపలేని నాకు ఆ అబద్ధం మాత్రం తడబడకుండా వచ్చింది. మాట రాని పిల్లలకు ఈ బడిలో చోటు లేదని ఆమె అన్నట్టు చెప్పాను. ఆ మాట ఆమెది కాదు, నేను అల్లింది. నీ ఫిర్యాదు మీద సంతకం పెట్టనిది అందుకే. అప్పట్నుంచి ఆమె ఎదురైతే హాస్టల్లో మీరెవరూ పలకరించరని మీ అమ్మ చెప్పింది. శుక్రవారం ఇంటర్వ్యూ చేసే ముగ్గురిలో ఆమె కూడా ఉంటుంది. వాళ్లు మొదటి ప్రశ్న అడగకముందే నేను ఇది చెబుతాను. తరవాత సీటు వస్తుందో రాదో తెలియదు. ఒక్కటే అడుగుతున్నాను. నా తరఫున నువ్వు ఆమెకు ముందుగా ఏమీ చెప్పొద్దు.