డిష్షుకు ఆయుధపూజ

చింతామణి,
దసరా అయిన మూడో రోజు, 2008

బామ్మర్ది నాగభూషణకు, నీ చేత చీవాట్లు తినడానికి సిద్ధపడి బావ రాసేది.

ఫోనులో చెబితే మీ అక్క వింటుంది. అందుకే ఉత్తరం. చదివి చించెయ్.

ఆయుధపూజ సాయంత్రం టీవీలో సిగ్నల్ పోతే, డిష్షు వంకరగా బిగించావని నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను కదా. "దాన్ని ఎవురన్నా ముట్టుకున్నారా బావా?" అని నువ్వడిగితే లేదన్నాను. పూజ చేయడం కూడా ముట్టుకోవడమేనని నాకు తోచలేదు. అంగట్లో తక్కెడకు, స్కూటరుకు చేసినట్టే మిద్దెమీద డిష్షుకూ విభూతి పట్టెలు పెట్టి, చెరో పక్క ఒక అరటి పిలక కట్టాను.

తమ్ముణ్ణి తిట్టానని మీ అక్క రెండు రోజులు నాతో మాట్లాడలేదు. సీరియల్ లేక మా అమ్మకు అన్నం సయించలేదు. నిన్న మిద్దెక్కి చూస్తే, అరటాకు ఒకటి వాలి డిష్షుకు అడ్డంగా ఉంది. కొడవలితో పిలకలు రెండూ కోసేశాను. కింద టీవీ పాడింది.

నేను దిగేలోపే అమ్మ వీధిలోకి వెళ్లింది. "మావోడు చెయ్యి పెడితే సాలు, బొమ్మ వచ్చేస్తాది!" అని అందరికీ చెప్పింది. నేను కాదనలేదు. ఇప్పుడు మురుగమల్లలో మా పెద్దమ్మ ఇంట్లోనూ సిగ్నల్ లేదట. ఆదివారం నన్ను రమ్మన్నారు.

తిట్టినందుకు మన్నించి, ఆ రోజు మొదటి బస్సుకే రా. స్పానర్లు, మీటరు మరిచిపోకు. నా అసిస్టెంటువని చెబుతాను, కోపం తెచ్చుకోకు. వాళ్ల డిష్షు ముందు అరటాకేమైనా ఉందా అని ముందే అడిగి చూశాను. లేదట.

నీ బావ